కుడి పక్క సీటు

రెంటచింతల రైలు గేటు దగ్గర, మే నెల మధ్యాహ్నం పూట, ఎవరికీ ఎవరి మీదా ప్రేమ పుట్టదు. ఆ ఎండకి పుట్టేవి రెండే: దాహం, కోపం. శివనాగరాజుకి ఆ రోజు రెండూ దండిగా ఉన్నాయి.

అతనికి గురజాలలో ఒక షాపుంది. కార్లకి లైట్లు, హారన్లు, కెమెరాలు బిగిస్తాడు. మాచర్లలో ఎవరి కారుకో స్పీకర్లు బిగించి బైకు మీద తిరిగొస్తున్నాడు. అతని ముందు ఒక ముదురు పచ్చ కారు పోతోంది. అలాంటి కారుని అతను ఎప్పుడూ చూడలేదు. ముందు అద్దం నిటారుగా ఉంది, వెనకవైపేమో జారుడుబల్లలాగా కిందికి దిగిపోయింది. కార్లతో బతికేవాడు కాబట్టి అతను చూడవలసింది ఆ కారునే. కానీ చూస్తున్నది కుడి పక్క సీట్లో ఉన్న అమ్మాయిని.

ఆ అమ్మాయి రెండు చేతులతో తాటికాయ పట్టుకుని, బొటనవేలితో ముంజలు తీసుకుని తింటోంది. కారు అరవైలో పోతోంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే తల కిటికీలోంచి బయటపెట్టి చూసింది, లోపలికి తిరిగి ఏదో అంది, మళ్ళీ ముంజల్లో పడింది. ఆ తర్వాత ఎడ్లబండిని దాటేటప్పుడు కూడా అంతే. చేతులు కాయని వదల్లేదు.

గేటు పడింది. నాగరాజు బైకు తీసుకెళ్ళి సరిగ్గా ఆ కిటికీ పక్కనే ఆపాడు.

"ఏమ్మా, చేతులొదిలేసి తోల్తన్నావు. బతకాలని లేదా?"

ఆమె అతనివైపు చూసింది. నోట్లో ముంజ ఉంది. తొందర లేకుండా నమిలి మింగింది.

"ఉంది," అంది.

"మరి స్టీరింగు పట్టుకోవాలని తెలీదా? అసలు లైసెన్సుందా నీకు?"

"లేదు."

నాగరాజుకి ఎండ ఇంకో రెండు డిగ్రీలు పెరిగినట్టయింది. "లైసెన్సు లేకుండా రోడ్డెక్కావా? ఎన్నాళ్ళ నుంచి ఈ యవ్వారం?"

"ఐదేళ్ళయింది. రోజూ ఇదే సీట్లో."

గేటు దగ్గర ఆగినవాళ్ళందరూ వింటున్నారు. నాగరాజుకి ఉత్సాహం వచ్చింది. హెల్మెట్ తీసి, వంగి, కారులో అవతలి పక్కన కూర్చున్న ముసలాయనతో అన్నాడు. "పెద్దాయనా, నువ్వన్నా చెప్పొద్దా? ప్రాణాలతో ఆటలేంది?"

ముసలాయన నల్ల కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "చెప్తే ఇనదు అబ్బాయ్. ఆరు కాయలు కొన్నాం. నాకొక్కటి పెట్టలా. చేసేదేముంది, స్టీరింగు నేనే పట్టుకున్నా."

అప్పుడు చూశాడు నాగరాజు. స్టీరింగు ఎడమ పక్కనుంది. ముసలాయన చేతులు దాని మీదున్నాయి. అమ్మాయి ముందర ఉన్నది ఒట్టి డాష్‌బోర్డు, దాని మీద తాటికాయ డొప్పలు.

వెనకున్న ఆటోవాళ్ళు ముందు నవ్వారు. తర్వాత గేట్‌మన్ కూడా నవ్వాడు. రైలు వచ్చి పోయింది, గేటు లేచింది, నాగరాజు మాత్రం అక్కడే నిలబడి ఉన్నాడు.

"హారన్ కొట్టు తాతయ్యా, అన్న పక్కకి జరుగుతాడు," అంది అమ్మాయి.

"హారన్ యాడ పనిచేస్తంది లీలా? వారం నుంచి మూగదైపోయిందిగా."

అంత అవమానంలోనూ నాగరాజు నోరు వృత్తిధర్మం మరచిపోలేదు. "గురజాల బస్టాండు ఎదురు సందులో నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. తీసుకురండి, చేసిస్తా," అన్నాడు.

"వస్తాంలే అన్నా," అంది లీల. పచ్చ కారు పట్టాలు దాటి వెళ్ళిపోయింది. చేతులొదిలేసి తోల్తున్నావన్న మాట తప్పని తేలినందుకు అతనికి అంత బాధ లేదు. రెండుసార్లు "అన్నా" అని పిలిచిందే, అది కొంచెం గుచ్చుకుంది.

*

నాలుగు రోజుల తర్వాత వాళ్ళు నిజంగానే వచ్చారు.

ముసలాయన పేరు అంకారావు. రెంటచింతల దగ్గర మిరప తోటలున్న రైతు. లీలావతి ఆయన కొడుకు కూతురు, గ్రామ సచివాలయంలో సర్వేయరు. పొలం గట్ల తగాదాల్లో నలభై ఏళ్ళ మగాళ్ళు అరుస్తుంటే మధ్యలో కొలత గొలుసు పట్టుకుని నిలబడే పిల్ల. దూరం చూసి కొలత చెప్పేస్తుందని పేరు.

తాతా మనవరాలు ఎదురు కొట్లో టీ తాగుతున్నారు. నాగరాజు కారుని నీడలోకి తెచ్చి ఆపాడు. తాళం చెవి పెట్టే చోటు ఆ కారులో స్టీరింగు దగ్గర ఉండదు, రెండు సీట్ల మధ్యన, గేరు పక్కన ఉంటుంది. అదొక వింత. ఆ తాళం చెవి బయటికి రావట్లేదు, అది రెండో వింత. లాగాడు. నూనె పోశాడు. చివరికి పట్టకారు తీసుకున్నాడు.

"అన్నా, దాని పళ్ళు పీకబాకు," అంది లీల వెనక నుంచి. "రివర్స్ గేరు వెయ్యి."

"రివర్స్ గేరుకీ తాళానికీ ఏంది సంబంధం?"

"ముందు వెయ్యి."

వేశాడు. తాళం చెవి వెన్నపూసలోంచి వచ్చినట్టు చేతిలోకి వచ్చింది.

"స్వీడన్‌లో చేసిన సాబ్ కంపెనీ కారు, అంతే అబ్బాయ్," అన్నాడు అంకారావు లోపలికొస్తూ. "వెనక్కి గేరు వేస్తేనే తాళం వదుల్తది. బ్యానెట్టు ఎత్తు చూద్దాం."

నాగరాజు ఎత్తబోతే అది అన్ని కార్లలాగా అద్దంవైపుకి లేవకుండా, ముందుకి జారి తన మీదికే తెరుచుకుంది. లోపల ఇంజను వెనక్కి తిరిగి కూర్చుని ఉంది. హెడ్‌లైట్లకి కూడా చిన్న చిన్న వైపర్లున్నాయి. నాగరాజు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. కార్ల మీద అతనికున్న అభిప్రాయాలన్నీ ఆ మధ్యాహ్నం కదిలిపోయాయి. ఎవరి వల్ల ఎంత కదిలాయో అతనికే తెలియలేదు.

హారన్ రిపేరు అరగంట పని. ఆ అరగంట పనిని నాగరాజు జూన్ నెలంతా చేశాడు. వైరు పాతదన్నాడు, ఫ్యూజు పెట్టె మార్చాలన్నాడు, ఇంటికొచ్చి చూస్తానన్నాడు. ఆదివారం పొద్దున్నే బైకేసుకుని రెంటచింతల వెళ్ళేవాడు. వాళ్ళ వసారాలో బల్లకి బదులు ఒక కారు వెనక సీటుంది. నల్ల రెక్సిను, మధ్యలో కాస్త చిరిగి కుట్టేసి ఉంది. టీ ఇచ్చి దాని మీద కూర్చోబెట్టేవాళ్ళు.

"అది మా వోల్వోది," అన్నాడు అంకారావు మొదటి రోజే.

"బస్సుదా తాతా?"

"ఊళ్ళో అందరూ అదే అడుగుతారు. కారురా. తెల్లది, ఇటికరాయి మాదిరి ఉండేది."

ఆయన జ్ఞాపకాలకి టీ ఒక్కటే కావాలి, అంతకుమించి అడగనక్కర్లేదు. వయసులో ఉండగా సున్నపురాయి క్వారీలో మిషన్లు బిగించటానికి వచ్చిన స్వీడన్ దొర దగ్గర ఆయన డ్రైవరు. ఎనభై ఎనిమిదిలో దొర వాళ్ళ దేశం పోతూ వోల్వోని ఈయనకిచ్చి పోయాడు. పన్నెండేళ్ళు తిరిగింది. ఆ దారిలో పురుడొచ్చిన ఆడవాళ్ళందరినీ గురజాల ఆస్పత్రికి చేర్చింది. అది పూర్తిగా అరిగిపోయాక, విశాఖపట్నంలో ఒక రిటైరైన ఇంజనీరు అమ్ముతుంటే ఈ సాబ్‌ని తెచ్చుకున్నాడు. రెండూ ఎడమ చేతి స్టీరింగువే.

"మరి లారీని దాటేదెట్టా తాతా? ఎడమ పక్క కూచుంటే ముందు లారీ తప్ప ఏం కనపడదుగా."

"చెన్నమ్మ చెప్పేది," అన్నాడు అంకారావు.

చెన్నమ్మ ఆయన భార్య. ముప్ఫై రెండేళ్ళు కుడి పక్క సీట్లో కూర్చుంది. లారీ వెనక పడితే ఆమె తల బయటపెట్టి చూసేది. దారి ఉంటే "పో మావా" అనేది, లేకపోతే "ఆగు". ఆ రెండు మాటల మీదే ఆయన ముప్ఫై రెండేళ్ళు బండి నడిపాడు. ఇంట్లో ఆమె మాట ఒక్కటి వినలేదట. కారులో ఒక్కటి కాదనలేదట. ఐదేళ్ళ కిందట ఆమె పోయింది. అప్పటి నుంచి ఆ సీట్లో లీల.

ఒక ఆదివారం నాగరాజు ఆ సీటు కింద వైర్లు చూస్తుంటే ఒక స్విచ్ కనిపించింది. కంపెనీది కాదు, ఇళ్ళల్లో గోడకి పెట్టే నల్ల స్విచ్. దాని పక్కన తెల్ల పెయింటుతో వంకరగా "చెన్నమ్మ" అని రాసి ఉంది.

"ఇదేంది తాతా?"

అంకారావు నవ్వాడు. "ఆళ్ళ దేశంలో మంచుగదా. చలి పుడితే సీటు దానంతటదే వేడెక్కుద్ది. రెంటచింతలలో చలి యాడ పుడతది? మన ఎండకి అదెప్పుడూ పని చెయ్యలా. చెన్నమ్మకి నడుం నొప్పొచ్చాక, వేడి తగిలితే బాగుంటదని నేనే స్విచ్చి పెట్టించా. మే నెల్లో కూడా వేసుకుని కూచునేది. నేను చెమటలో మునిగేవాణ్ణి, ఆమె హాయిగా నిద్ర... నిద్ర కాదులే, రోడ్డు చూస్తా ఉండేది."

"ఇప్పుడు పనిచెయ్యట్లా. వైరు కాలింది. బాగుచెయ్యనా?"

"వద్దులే," అన్నాడు ముసలాయన. నాగరాజు స్విచ్ మీద దుమ్ము తుడిచి ఊరుకున్నాడు.

*

జూలై వచ్చేసరికి లీల అతన్ని అన్నా అనటం మానేసింది. ఎప్పుడు మానేసిందో ఆమెకి తెలియదేమో గానీ నాగరాజుకి తెలుసు. జూలై ఆరో తారీకు, ఆదివారం. "నాగరాజూ, ఆ స్పానరు ఇటివ్వు" అంది. అతను స్పానరుకి బదులు టీ గ్లాసు ఇచ్చాడు.

ఆ రోజే లీల నాన్న బ్రహ్మం వసారాలో కూర్చుని గోడు వెళ్ళబోసుకున్నాడు. "మూడు సంబంధాలొచ్చినయ్ నాగరాజూ. మిర్యాలగూడ, ఒంగోలు, ఇంకోటి హైదరాబాదు. అన్నిటికీ వద్దంది. మా నాయన ఆ కారు వదలడు, ఇది ఆ సీటు వదలదు."

లీలని ఒంటరిగా పట్టుకుని అడిగాడు నాగరాజు. "నిజమేనా?"

"నేను పోతే ఎవరు కూచుంటారు?" అంది లీల. ఎప్పుడూ వెక్కిరించే గొంతు ఆ మాట దగ్గర తగ్గింది. "వద్దంటే ఇంట్లో ఉండే మనిషి కాదు. ఒక్కడే ఏసుకుపోతాడు. ఏదో ఒక లారీ వెనక నుంచి గుడ్డిగా పక్కకొస్తాడు. ఆ ఫోను నాకెప్పుడొస్తదోనని..."

ఆ రాత్రంతా నాగరాజు అదే ఆలోచించాడు. ఆమె మనసులో ఉన్న భయం తీసెయ్యాలి. తీసెయ్యటం తన చేతిలో పని. ఇంతకంటే మంచి కానుక లోకంలో ఏముంది? ఎలక్ట్రీషియన్ ప్రేమలో పడితే ఇలాగే ఆలోచిస్తాడు.

హెడ్‌లైటు వైపర్లు చూడాలని చెప్పి కారుని ఒక రోజు షాపులో ఉంచుకున్నాడు. కుడి పక్క అద్దం డొప్పకి చిల్లు పెట్టి, అందులో మంచి కెమెరా బిగించాడు. ముసలాయన కళ్ళ ముందు అరచేతంత తెర పెట్టాడు. లారీ వెనకున్నా సరే, కుడి పక్కన అర కిలోమీటరు రోడ్డు అద్దంలాగా కనిపిస్తుంది.

సాయంత్రం తాతా మనవరాలు వచ్చారు. అంకారావు కూర్చుని తెర చూశాడు. చాలాసేపు చూశాడు.

"బాగుందిరా. చానా బాగా కనపడతంది," అన్నాడు. "చెన్నమ్మ చెప్పినదానికంటే బాగా కనపడతంది."

నాగరాజు మురిసిపోయి లీలవైపు చూశాడు. లీల ముసలాయన చేతివైపు చూస్తోంది. ఆయన కుడి పక్క సీటు మీదుగా వంగాడు, ఆ చెయ్యి కుడి కిటికీలోంచి బయటికి పోయి, అద్దం డొప్పకి పెట్టిన చిల్లుని తడుముతోంది.

"తీసెయ్యి అబ్బాయ్," అన్నాడు ఆయన. దిగి, ఎదురు కొట్టు దాకా నడిచి వెళ్ళి, టీ చెప్పకుండా బల్ల మీద కూర్చున్నాడు.

"మా నాన్న చెప్పాడా నీకు ఇది పెట్టమని?" అడిగింది లీల.

"లేదు. నేనే. నువ్వు భయపడుతున్నావని. నువ్వు లేకపోయినా తాతకి ఇబ్బంది లేకుండా..."

"నేను లేకపోయినా. అంతేలే. ఇంట్లో అందరూ నన్ను పంపించాలనే చూస్తన్నారు. ఇంక నువ్వొక్కడివే మిగిలావు. ఒక్కమాట అడిగి చెయ్యొచ్చుగా? ఆయనకి కావాల్సింది రోడ్డు కనపడటం అనుకున్నావా? పక్కన ఒక మనిషి చెప్పటం. ఎంతయింది అన్నా?"

ఎన్నో రోజుల తర్వాత వచ్చిన ఆ అన్నా అనే మాట విని నాగరాజు కెమెరా ఊడదీశాడు. చిల్లు మాత్రం ఉండిపోయింది.

*

ఆగస్టు పోయింది, సెప్టెంబరు పోయింది. లీల ఫోనెత్తలేదు. నాగరాజు రెండు ఆదివారాలు రైలు గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

అమ్మ ధనలక్ష్మి కుట్టుమిషను ముందు కూర్చుని, నడుం పట్టుకుని, వారం రోజులు కొడుకుని చూసి చూసి అడిగింది. "ఏందిరా? ఎవరు ఆ పిల్ల?"

మొత్తం చెప్పాడు. ఆమె దారం తెంపింది.

"కెమెరా పెట్టావు సరే. నిన్ను చేసుకుంటానని చెప్పావా ఆ పిల్లకి?"

"లేదు."

"ఒకసారన్నా?"

"మంచి టైము చూసి చెబుదామని..."

"ఓరి నీ తెలివి తగలెయ్య. ఏ మాటా చెప్పకుండా సీటు ఖాళీ చేయిస్తే ఆ పిల్ల ఏమనుకోవాల? ఎవుడితోనో పంపటానికి దారి చేశావనుకుంది. ఆ ముసలాయనకి పో, ఆగు అనే మాటల్లోనే భార్య గుర్తుంటదిగదా. నువ్వు ఆమెనీ తీసేశావు, ఈ పిల్లనీ తీసేశావు. తీసెయ్యటమేనా, కూచోటం రాదా నీకు?"

అంకారావు ప్రతి ఏడూ కార్తీకంలో మొదటి సోమవారం కోటప్పకొండ వెళ్తాడు. చెన్నమ్మ ఉన్నప్పటి అలవాటు. ఆ సోమవారం తెల్లారి ఆరు గంటలకి నాగరాజు రెంటచింతలలో ఉన్నాడు. ముసలాయన అప్పటికే పంచె కట్టుకుని, ఒక్కడే, కారు తుడుస్తున్నాడు.

"లీల ఏది తాతా?"

"సర్వే ఉందంట. పొద్దున్నే పొలాల మీదికి పోయింది. వచ్చే సోమవారం పోదామంది. సరేనన్నా." ఆయన గుడ్డ పిండాడు. "సరేనన్నానని ఆగుతానా?"

"నేనొస్తా. ఆ పక్క కూచుంటా."

అంకారావు అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "కెమెరా తెచ్చావా?"

"లేదు. కళ్ళు తెచ్చుకున్నా. ఒక్క పది నిమిషాలు టైమివ్వు. ఆ స్విచ్చి వైరు మారుస్తా. ఈసారి అడిగే చేస్తన్నా. వద్దంటే ముట్టుకోను."

ముసలాయన బకెట్‌లో నీళ్ళు చెట్టుకి పోసొచ్చాడు. ఆ తర్వాత అన్నాడు. "చెయ్యి."

బయల్దేరేముందు ఆయన ఒక్కటే చెప్పాడు. "ఈ సీట్లో ఇద్దరే కూచున్నారు, చెన్నమ్మ, లీల. ఒకసారి మేక కూచుంది, అది లెక్కలోకి రాదు. పో అనాలంటే కళ్ళారా చూసి అనాల. అనుకుంటా అనే మాట ఈ కారులో లేదు."

గురజాల దాటాక ఒక టిప్పరు అడ్డం పడింది. నాగరాజు తల బయటపెట్టాడు. సన్నగా తుంపర మొదలైంది. రోడ్డు ఖాళీగా కనిపిస్తోంది. పో అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అల్లంత దూరాన రోడ్డు ఒక పల్లంలోకి దిగి, కాసేపు మాయమై, మళ్ళీ పైకి లేస్తోంది. ఆ పల్లంలో ఏముందో కనపడదు.

"ఆగు తాతా."

ముసలాయన కాలు అప్పటికే యాక్సిలరేటరు సగం తొక్కి ఉంది. తీసేశాడు. పల్లంలోంచి ఆర్టీసీ బస్సు లేచి, హారన్ మోగించుకుంటూ పక్క నుంచి వెళ్ళిపోయింది. కారు ఊగింది. లీల ఐదేళ్ళుగా ఏం మోస్తోందో అతనికి అప్పుడు తెలిసింది.

పిడుగురాళ్ళ దగ్గరపడ్డాక అంకారావు అన్నాడు. "చెన్నమ్మ అయితే ఇంకాస్త ముందే చెప్పేది."

అంతకంటే పెద్ద మెప్పు ఆ ముసలాయన దగ్గర లేదని నాగరాజుకి అర్థమైంది.

*

కొండ మీద దర్శనం అయింది. కారు కొండ కింద ఆపి ఉంది. వాన గట్టిగా పడుతోంది. అంకారావు ఎడమ పక్క కూర్చుని విభూతి పొట్లం కడుతున్నాడు. నాగరాజు కుడి పక్క కూర్చుని రెండు చేతులతో మరమరాల పొట్లం పట్టుకుని తింటున్నాడు.

కిటికీ అద్దం మీద ఎవరో దబదబా కొట్టారు. లీల. జుట్టు, చున్నీ, మెడలో సచివాలయం ఐడీ కార్డు, అన్నీ కారుతున్నాయి. వాన రాగానే సర్వే ఆపేశారు. ఇంటికెళితే కారు లేదు. ఫోను చేస్తే తాతయ్య ఫోను వసారాలో సీటు మీద మోగింది. దొరికిన బస్సెక్కి, నరసరావుపేటలో దిగి, ఆటో పట్టుకుని వచ్చింది. దారి పొడుగునా రోడ్డు పక్కన ఆగిన ప్రతి లారీ కింద ఆమెకి పచ్చ కారే కనిపించింది.

తాతని చూసింది. బాగానే ఉన్నాడు. ఆ ఊపిరి తీసుకున్నాక ఇతన్ని చూసింది.

"ఈ సీట్లో నువ్వేంది?"

"నాకు లైసెన్సుంది," అన్నాడు నాగరాజు, మరమరాలు నోట్లో పెట్టుకునే.

"నేనడిగింది అది కాదు. నువ్వు చెప్పావా తాతయ్యకి? ఇంత దూరం?"

"పన్నెండు సార్లు ఆగమన్నా. నాలుగు సార్లు పొమ్మన్నా."

"పన్నెండులో రెండు ఉత్తపుణ్యానికి ఆపాడు," అన్నాడు అంకారావు. "పర్లేదు. పిరికోడే మంచోడు ఈ సీటుకి."

ఆయన గేరు వెనక్కి వేసి, తాళం చెవి తీసి, నాగరాజు ఒళ్ళో పడేశాడు. దిగి వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. లీల నోరు తెరిచి చూస్తోంది. ఆయన ఆ కారులో వెనక సీట్లో కూర్చోవటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"కళ్ళు మండతన్నాయి. నువ్వు తోలు అబ్బాయ్. ఏమే, తడుస్తా నిలబడ్డావు? నీ సీట్లో నువ్వు కూచో."

నరసరావుపేట దాటారు. తడి బట్టలకి లీల పళ్ళు కటకటలాడుతున్నాయి. నాగరాజు చెయ్యి చాచి ఆమె సీటు కింద ఏదో నొక్కాడు. రెండు నిమిషాలకి ఆమెకి వెచ్చదనం తగిలింది. అరచెయ్యి సీటు మీద పెట్టి చూసుకుంది.

"ఇది నాయనమ్మ పోయినప్పటి నుంచి పనిచెయ్యట్లా," అంది నెమ్మదిగా.

"పొద్దున చేశా. తాతని అడిగే చేశా."

ఆమె కిటికీవైపు తిరిగింది. వాన నీళ్ళు తుడుచుకున్నట్టే కళ్ళు తుడుచుకుంది.

"లీలా, ఆ రోజు కెమెరా నిన్ను ఎవరి దగ్గరికో పంపటానికి పెట్టలా. నా దగ్గరికి..."

"ఆగు," అంది లీల. ముందు సున్నం లారీ ఉంది. తల బయటపెట్టింది. వానలో కళ్ళు చిట్లించి చూసింది. చాలాసేపు చూసింది. "పో."

నాగరాజు కుడివైపుకి తీశాడు. అతనికి ఒక్క అంగుళం రోడ్డు కూడా కనపడలేదు. ఆమె చెప్పింది, అంతే. లారీ వెనకబడింది.

"ఇప్పుడు చెప్పు," అంది లీల. "ఈ కారులో రెండు పనులు ఒకేసారి చెయ్యరు."

"నువ్వంటే నాకు ఇష్టం. చేసుకుంటానని ముందే చెప్పాల్సింది. భయమేసి వైర్లు బిగించా. గురజాల నుంచి మీ ఊరు ఎంతని? తాత ఎటు పోవాలన్నా, నువ్వో నేనో, ఎవరో ఒకళ్ళం ఈ సీట్లో కూచుంటాం. ఇది ఖాళీ అవదు."

లీల ఐడీ కార్డు తాడు వేలికి చుట్టుకుని విప్పింది.

"నాకూ ఇష్టమే," అంది. "గేటు దగ్గరే నచ్చావు. నోరు నిండా ముంజలుంటే ఎట్టా చెప్పను?"

"అన్నా అన్నావుగా."

"హారన్ బిల్లు తగ్గుద్దని."

నాగరాజు నవ్వు ఆపుకోలేకపోయాడు. వెనక నుంచి ఏమైనా అంటాడేమోనని ఇద్దరూ ఒకేసారి అద్దంలోకి చూశారు. అంకారావు తల పక్కకి వాల్చి, విభూతి పొట్లం గుండెకి ఆనించుకుని నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"తాతయ్య కారులో నిద్రపోవటం నేను ఎప్పుడూ చూళ్ళేదు," అంది లీల. "ఒక్కసారి కూడా."

నాగరాజు కారు వేగం తగ్గించాడు. రెంటచింతల చేరేదాకా ఇంకే లారీనీ దాటలేదు.

ఇంటి ముందు ఆపి, రివర్స్ గేరు వేసి, చప్పుడు కాకుండా తాళం చెవి తీశాడు. ఆ చిన్న టిక్కుకే ముసలాయన కళ్ళు తెరిచాడు. ఇల్లు చూశాడు. అతని చేతిలో తాళం చెవి చూశాడు. మనవరాలి మొహం చూశాడు. అడగాల్సినవన్నీ అందులోనే దొరికినట్టున్నాయి.

"కారు తీసుకుపో. రేపు మీ అమ్మని ఇందులో తీసుకురా," అన్నాడు. "కుడి పక్క కూచోబెట్టు. కుట్టుమిషను తొక్కే మనిషన్నావుగా, నడుం నొప్పుంటే స్విచ్చి వెయ్యి."

"ఆమెకి పో, ఆగు చెప్పటం రాదు తాతయ్యా," అంది లీల.

"రాకపోతే మానె. లారీ ఎనకాలే మెల్లగా రండి," అన్నాడు అంకారావు దిగుతూ. "ఇప్పుడు తొందరేముంది మనకి?"